లేని కంచె దాటిన మంద

"సౌదీల ఏం పని చేసినవ్ తాతా?" అని మా వాడకట్టు పోరగాళ్ళు అడుగుతుంటారు. కంచె కాశానని చెబుతాను. ఒంటెలు కాసినవాళ్ళు తెలుసు, గొర్రెలు కాసినవాళ్ళు తెలుసు, ఆకాశమంత మేడల మీద తాళ్ళతో వేలాడి అద్దాలు తుడిచినవాళ్ళు తెలుసు. కంచె కాసినవాడు మాత్రం వాళ్ళకు ఇంతవరకు తగల్లేదట. "కంచె ఏమన్న ఉరుకుతదా తాతా?" అని నవ్వుతారు. ఉరకదు నాయనా. అందుకే ఆ పని నాకిచ్చారు. ఉరికేవాటిని కాసే వయసు అప్పటికే దాటిపోయింది.

నవ్వితే నవ్వారు గానీ, మీలో ఒకరిద్దరు కొత్త పాస్‌పోర్టులు చేయించుకున్నారని విన్నాను. అందుకని ఒక్క రోజు సంగతి చెబుతాను. దీనివల్ల మీకు పని రాదు, వీసా అంతకంటే రాదు. ఊరికే వినండి.

ఖమీస్ ముషైత్‌లో నేను చాలా ఏళ్ళు వెల్డర్‌ని. ఒక కంపెనీ వాళ్ళు, అడవి జంతువుల దగ్గర మెయింటెనెన్స్ పనుంది, ఫోర్‌మన్‌గా పోతావా అన్నారు. అడవి అంటే చెట్లుంటాయని ఆశపడి ఒప్పుకున్నాను. ఖమీస్ నుంచి తూర్పుకు బండిలో పోతుంటే ముందు కొండలు తగ్గాయి, తర్వాత ఊళ్ళు తగ్గాయి, చివరికి తుమ్మచెట్లు కూడా తగ్గాయి. మిగిలింది ఒక మైదానం, దాని చుట్టూ జాలి కంచె. ఈ కొసన నిలబడి చూస్తే ఆ కొస ఆనదు. అదే అడవి అన్నారు.

లోపల ఉండేవి మహాలు. అరబ్బీలో ఆ జంతువు పేరే మహా. ఒళ్ళంతా సున్నం వేసినట్టు తెలుపు, కాళ్ళకు నల్ల మేజోళ్ళు తొడిగినట్టుంటుంది, నెత్తిన బల్లేల్లాంటి రెండు నిటారు కొమ్ములు. మన దుప్పికి పెద్ద, ఆవుకు చిన్న. ఒకప్పుడు వేటగాళ్ళ తుపాకులకు ఆ దేశంలో ఒక్కటీ మిగల్లేదట. ఎక్కడెక్కడి జంతుశాలల్లోనో బతికి ఉన్నవాటిని తెచ్చి, పెంచి, ఇక్కడ వదిలారు. బయటికి పోతే మళ్ళీ తుపాకీ ఉంది, హైవే ఉంది. అందుకని కంచె. కంచె కోసం మేము.

పొద్దున్నే పికప్ వేసుకుని కంచె పొడుగునా పోవాలి. గాలికి అడుగున ఇసుక పేరుకుంటే తోడాలి, లేకపోతే జంతువు దాని మీదెక్కి దాటేస్తుంది. బయటి ఒంటెలు దురద పుట్టి స్తంభాలకు ఒళ్ళు రుద్దుకుని వాటిని వంచేస్తాయి. వాటిని నిలబెట్టాలి. నా కింద జగిత్యాల, నిర్మల్ వైపు మనుషులు పనిచేసేవాళ్ళు. కుక్క దూరేంత సందు కనిపించినా వాళ్ళను తిట్టిపోసేవాణ్ణి. నా తిట్లకు భయపడేవాళ్ళు గానీ, నాకు అంతకన్నా ఆ సందుకే భయం ఎక్కువ.

ముగ్గురి గురించి చెప్పాలి. మొదటివాడు డాక్టరు, సూడాన్ మనిషి. జంతువుల డాక్టరు. తాటిచెట్టంత పొడుగు, గొంతు మాత్రం మెత్తన. రెండోవాడు షేబా. షేబా అంటే అక్కడి మాటలో నెరిసిన మనిషి, మనం ముసలాయన అన్నట్టే, గౌరవంతోనే అంటారు. అక్కడి బదూ, అంటే ఎడారి తెగవాడు, కాపలా ఉద్యోగి. ముందు పళ్ళు లేవు. వాకీటాకీలో మాట్లాడితే సగం మాట దగ్గులో పోయేది, సగం ఆయన నోట్లోనే ఉండిపోయేది. మూడోవాడు మా వంటాయన. నిర్మల్ దగ్గరి మనిషి, నాకంటే పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ఆయన చేసే పప్పుచారు కోసం షేబా కూడా మెస్సు చుట్టూ తిరిగేవాడు. ఏ రోజూ ఆకలైందని మాత్రం ఒప్పుకోలేదు.

ఒక శుక్రవారం అన్నాలు తిని అందరం మెస్సులో టీవీ ముందు కూర్చున్నాం. ఆఫ్రికా మైదానాలు చూపిస్తున్నారు. కొమ్ముల జంతువులు, చారల గుర్రాలు, లెక్కకు అందనన్ని, ఏడాదికోసారి వాన వెంట నడుచుకుంటూ పోతున్నాయి. నది దగ్గరికి వచ్చి ఆగాయి. నీళ్ళలో మొసళ్ళు. మా వాళ్ళు కబడ్డీ చూస్తున్నట్టు "దుంకు, దుంకు!" అని అరుస్తున్నారు.

డాక్టరు మెల్లగా అన్నాడు, "మా దేశంలో దక్షిణాన కూడా ఇలాగే నడుస్తాయి. మా వైపు యుద్ధాలు వచ్చాయి, మనుషులు ఇళ్ళొదిలి పోయారు. అవి మాత్రం ఏటా అదే దారిన నడుస్తూనే ఉన్నాయి. ఎవరినీ అడగవు."

షేబాకు ఇది నచ్చలేదు. తన దేశం ఎవరికి తీసిపోయిందని? "ఇక్కడ కూడా నడిచేవి. మా తాత చూశాడు. వాన ఎక్కడ కురిస్తే మహాలు అక్కడ తేలేవి. ఎవరు చెప్పేవాళ్ళు? ముక్కు చెప్పేది." అని నావైపు తిరిగి, "తర్వాత హిందీవాడు వచ్చాడు, కంచె కట్టాడు," అన్నాడు. హిందీ అంటే వాళ్ళ మాటలో ఇండియావాడు.

నాకు చిర్రెత్తింది. "కట్టమన్నది మీరే కదా షేబా! నాకేం మా తాత ఆస్తా ఇది?" అన్నాను. అందరూ నవ్వారు. డాక్టరు నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో మాకు తెలుసు. అంతకుముందు ఎండాకాలం పడమర వైపు, కంచె అవతల వాన పడింది. లోపల చుక్క లేదు. మహాలు మేము పోసిన నీళ్ళనూ వేసిన గడ్డినీ వదిలేసి పడమటి కంచెకు వచ్చి నిలబడ్డాయి. వాసన అటునుంచి వస్తోంది మరి. తీగ పొడుగునా అటు నడిచేవి, ఇటు నడిచేవి. డాక్టరు గడ్డిని, నీళ్ళను అక్కడికే మోయించాడు. కొన్ని తిన్నాయి, కొన్ని ముట్టుకోలేదు. ముట్టుకోనివి కంచె కిందే పడిపోయాయి. గోతులు తవ్వింది మా వాళ్ళే. నా కంచె ఒక్కచోట కూడా తెగలేదు. ఉద్యోగంలో చేరాక నా పని అంత బాగా ఎప్పుడూ లేదు, ఆ పనిని అంతగా ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

డాక్టరు ఆఫీసుతో కొట్లాడి కొట్లాడి ఒక సంగతి సాధించాడు. పడమర వైపు హైవే దాకా ఉన్న మైదానాన్ని కూడా కలుపుకోవడం. దాని చుట్టూ కొత్త కంచె వేస్తాం, అది పూర్తయ్యాక మధ్యలోని పాత పడమటి కంచె తీసేస్తాం. జంతువులకు నడిచే చోటు రెండింతలవుతుంది. మేము స్తంభాలన్నీ పాతేశాం, జాలి కూడా దాదాపు బిగించేశాం. హైవే పక్కన ఒక ముక్కకు మాత్రం జాలి చుట్టలు చాలలేదు. అడిగితే ఆఫీసు బుక్రా అంది. బుక్రా అంటే అరబ్బీలో రేపు. పుస్తకంలో అయితే రేపే, ఆఫీసులో అయితే దేవుడికే తెలియాలి.

వంటాయనకు కూడా అదే బుక్రా. మోకాళ్ళు అరిగాయి, ఇక చాలు, ఇంటికి పోతానని ఫైనల్ ఎగ్జిట్ అడిగాడు. అది పడితే గానీ దేశం దాటనివ్వరు. మనవరాలు పుట్టి నడక కూడా నేర్చింది, ఈయన ఫోన్‌లో చూడటమే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎగ్జిట్ రాకముందే అట్టపెట్టె సర్దేసి తాడుతో కట్టేశాడు. అందులో ఏముందో మాకందరికీ తెలుసు. ఖమీస్ బజారులో ఒక్కొక్కటే ఏరి కొన్న ఫారిన్ చీరలు. భార్యకు, బిడ్డలకు, కోడలికి, అక్కకు, అక్క తోటికోడలికి. కొన్న ప్రతిసారీ మాకు విప్పి చూపించి, మళ్ళీ మడతపెట్టేవాడు.

ఇక ఆ రోజు. నేను కంచె చూసుకుని వచ్చి మెస్సులో చాయ్ తాగుతున్నాను. గోడకున్న వాకీటాకీలో షేబా గొంతు పగిలింది.

"మత...ర్! గర్బ్! తాల్, తాల్!"

తాల్ అంటే రా. గర్బ్ అంటే పడమర. ఆ రెండూ పిల్లాడికి కూడా తెలుసు. మొదటి మాట దగ్గరే వచ్చింది చిక్కు. మతార్ అంటే ఎయిర్‌పోర్టు. గల్ఫ్‌లో కాలుపెట్టిన ప్రతివాడూ మొట్టమొదట నేర్చుకునే మాట. మతర్ అంటే వాన. ఆ నేలమీద వాన అనే మాటతో మాకేం అవసరం పడింది? నేర్చుకోలేదు. ఒక్క దీర్ఘం తేడా, అదీ షేబా దగ్గులో కలిసిపోయింది.

వంటాయన గరిటె అక్కడే వదిలేశాడు. "తమ్మీ! మతార్ అంటుండు! గర్బ్ గేటు కాడికి రమ్మంటుండు! కారచ్చినట్టుంది!"

అనుమానించడానికి ఏమీ లేదు. ఎగ్జిట్ పడినవాళ్ళను తీసుకుపోయే ఆఫీసు కారు పడమటి గేటుకే వచ్చేది, హైవే అటే కాబట్టి. నేను కూడా నమ్మాను. మా వాళ్ళంతా ఆయన మీద పడి కావలించుకున్నారు. ఒకడు పప్పు దించాడు, ఇంకొకడు పెట్టె మోశాడు. ఆయన దాచుకున్న కొత్త ప్యాంటు, షర్టు తొడుక్కుని, బూట్లు వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు. పికప్ ఎక్కి, మెస్సు వైపు తిరిగి దండం పెట్టాడు. మా వాళ్ళు ఒక పికప్ నిండా ఎక్కి మా వెనకాలే వచ్చారు సాగనంపడానికి.

పడమటి గేటు దగ్గర కారు లేదు. షేబా ఒక్కడే తన బండి బానెట్ మీద కూర్చుని ఉన్నాడు. వంటాయనను కింద నుంచి మీదకు, మీద నుంచి కిందకు చూశాడు.

"ఏంటి, పెళ్ళా?" అన్నాడు.

"మతార్?" అన్నాడు వంటాయన, చేత్తో విమానం ఎగరేసి చూపిస్తూ.

"మతార్ లా!" షేబా నెత్తి కొట్టుకున్నాడు. లా అంటే కాదు. "మతర్! మతర్!" అని వేళ్ళు కిందికి ఆడిస్తూ పడమరకు చూపించాడు.

చూశాం. దూరంగా, కొండల వైపు ఆకాశం తడిపిన పలకలా ఉంది. మెరుపు మెరిసింది. ఒక గాలి వచ్చింది, చల్లగా. ఆ గాలిలో మట్టి వాసన. ఎన్నేళ్ళయింది ఆ వాసన పీల్చి! పక్కన వంటాయన బూట్లతో ఆ ఇసుకలో నిలబడి ఉన్నాడు. ఆయన మొహం నేను చూడలేకపోయాను. మా వాళ్ళలో ఒక్కడు కూడా నవ్వలేదు. తర్వాత నెలల తరబడి నవ్వారనుకోండి, అది వేరే సంగతి.

అప్పుడు షేబా నా భుజం పట్టి ఇంకోవైపు తిప్పాడు. కంచె దగ్గర మహాలు. మంద మంద అంతా వచ్చేసింది. డొక్కలు లోపలికి పోయి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. మూతులు జాలికి ఆనించి నిలబడ్డాయి. అన్నిటికన్నా ముందు, ఒక కొమ్ము విరిగిన ముసలి ఆడది. మందలో దాని పెత్తనం చూసి మావాళ్ళు దానికి అత్తమ్మ అని పేరు పెట్టారు. అత్తమ్మ కదిలితే మంద కదలాలి, అత్తమ్మ కూర్చుంటే మంద కూర్చోవాలి. అది తీగ పక్కన అటు నాలుగడుగులు వేసి, ఇటు నాలుగడుగులు వేసింది. పోయిన ఎండాకాలం చచ్చిపోయినవి కూడా సరిగ్గా ఇలాగే నడిచాయి.

డాక్టరు వచ్చాడు. చూశాడు. ఆఫీసుకు ఫోన్ చేశాడు. కొత్త మైదానంలో వాన పడుతోంది, పాత కంచె తీసేస్తాను అన్నాడు. అవతలి గొంతు మాకు కూడా వినబడింది. హైవే పక్క ముక్కకు జాలి లేదు కదా, వచ్చేదాకా ఆగు, లారీ రెండు రోజుల్లో వస్తుంది, ఒక్క జంతువు రోడ్డెక్కినా నువ్వే జవాబుదారీ. ఫోన్ జేబులో పెట్టుకుని డాక్టరు కాసేపు కంచెనే చూశాడు.

"లారీ వచ్చేసరికి ఇవి ఉండవు," అన్నాడు. "తీశామనుకో, ఒక్కటి రోడ్డెక్కినా నా ఉద్యోగం పోతుంది. అది పోతే ఇక్కణ్ణుంచి నేను పోవడానికి ఇంకో చోటు లేదు, మా ఊళ్ళో ఇప్పుడు ఎవరూ లేరు. ఆ ముక్కను లారీ వచ్చేదాకా దేంతోనైనా మూయగలవా?"

స్తంభాలున్నాయి, జాలి లేదు. దేంతో మూయాలి?

వంటాయన గొంతు సవరించుకున్నాడు. "తమ్మీ, మన దిక్కు మక్కచేన్ల చుట్టు చీరలు గట్టరా? అడివి పందులు అస్తయా?"

"అస్తయన్నా," అన్నాను నేను. ఉన్నమాట దాచడం నావల్ల కాదు. "రెండు దినాలు భయపడ్తయి. మూడోనాడు చీరల కిందికెల్లి దూరి అస్తయి."

"మనకు గా రెండు దినాలే గావాలె గద!"

డాక్టరుకు ఇదంతా అరబ్బీలో చెప్పడానికి నేను చెమటలు కక్కాను. చీర అనే మాటకు నాకు అరబ్బీ రాదు. చేతులతో కట్టి చూపించాను. షేబాకు ముందు అర్థమైంది. గట్టిగా నవ్వి తన తలగుడ్డ విప్పి నాకు ఇచ్చాడు. డాక్టరు నవ్వకుండానే, "కట్టండి," అన్నాడు.

మెస్సుకు బండి పంపి ఉన్న గుడ్డలన్నీ తెప్పించాం. లుంగీలు, దుప్పట్లు, తువ్వాళ్ళు, డాక్టరు గది కర్టెన్లు. స్తంభానికీ స్తంభానికీ తాడు లాగి వాటిని వరసగా కట్టుకుంటూ పోయాం. గళ్ళ లుంగీలు గాలికి పటపట కొట్టుకుంటుంటే హైవే మీద పోయే లారీలు హారన్ కొట్టి పోతున్నాయి. ఆ హడావిడిలో మావాడొకడు, "కుక్క దూరే సందుకే తిడ్తుంటివి, ఇయ్యాల చినిగిన లుంగీలతోని కంచె కట్టిస్తున్నవా ఫోర్‌మన్ సాబ్?" అని ఆటపట్టించాడు. ఇంకా కొంత ఉందనగా గుడ్డలు అయిపోయాయి.

అందరి కళ్ళూ పికప్‌లో ఉన్న అట్టపెట్టె మీదే ఉన్నాయి. వంటాయన అది గమనించి, "ఏం జూస్తున్రు?" అని కసిరాడు. పోయి తానే తాడు విప్పాడు. ముందు అక్క తోటికోడలి చీర తీశాడు. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు. తర్వాత అక్కది, కోడలిది, బిడ్డలవి. ఒక్కోటి తీసేటప్పుడు ఎవరిదో చెప్పి మరీ ఇచ్చాడు. చివరి సందు మిగిలింది. పెట్టె అడుగు నుంచి నెమలికంఠం రంగు చీర తీశాడు. అది మా ఎవరి చేతికీ ఇవ్వలేదు. తానే, మోకాళ్ళ నొప్పితో వంగి, ముడి గట్టిగా పడి మడత నలగకుండా వదులుగా కట్టాడు. కట్టి, కొంగు సరిచేశాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇసుక పడిందని చెప్పుకున్నాను.

ఇక పాత కంచె. మేము దగ్గరికి రాగానే మహాలు బెదిరి దూరంగా పోయి నిలబడ్డాయి. ఏళ్ళ తరబడి నేనే బిగించిన తీగ. కటింగ్ ప్లేయర్ చేతిలో పట్టుకున్నాను గానీ చెయ్యి ఆడలేదు. "కంచే చేను మేసుడంటే గిదే," అన్నాడు వంటాయన నా వెనక నుంచి. అప్పటికి నవ్వొచ్చింది, తీగ తెంపాను. జాలి చుట్టేశాం, స్తంభాలు పీకేశాం. ఊరేగింపు పోయేంత వెడల్పు చేశాం. పక్కకు వచ్చి బండ్ల వెనక నక్కి కూర్చున్నాం.

అత్తమ్మ వచ్చింది. వెనక మంద. తిన్నగా వచ్చి, ఇందాకటిదాకా తీగ ఉన్న చోట ఆగిపోయింది.

ముందు మాకు అర్థం కాలేదు. కంచె లేదు. అడ్డం లేదు. ఎదురుగా వాన వాసన ముక్కుల్లోకి కొడుతోంది. అయినా ఒక్కటి కూడా అడుగు ముందుకు వెయ్యలేదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు, లేని తీగ పక్కనే నడుస్తున్నాయి.

డాక్టరు తల పట్టుకున్నాడు. "వాటికి తీగ ఇంకా అక్కడే ఉంది," అన్నాడు. మావాళ్ళు వెనక నుంచి అదిలిద్దామన్నారు. షేబా వద్దన్నాడు. "తరిమితే ఎటుపడితే అటు పోతాయి. కూర్చోండి." తన బండిలోంచి గహ్వా, అంటే వాళ్ళ కాఫీ, తీసి చిన్న కప్పుల్లో పోశాడు. ఎండ పక్కకు వాలింది. మంద చివర ఒకటి ముందుకాళ్ళ మీద కూలబడింది, మళ్ళీ లేచింది. ఇన్ని చేసి, ఆఖరికి ఇవి ఇక్కడే నిలబడి చస్తాయా అని నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీదనో తెలియని కోపం కూడా వచ్చింది. ఎవరి మీద ఏమిటి, ఆ గీత గీసింది నేనే కదా.

ఉరిమింది. అత్తమ్మ ఆగింది. తల వంచి నేలను వాసన చూసింది. తర్వాత ముందుకాలు ఎత్తింది. మామూలుగా కాదు, తీగ మీంచి వేస్తున్నట్టు మోకాలు మడిచి బాగా పైకి ఎత్తి అవతల పెట్టింది. రెండో కాలూ అంతే. వెనక కాళ్ళూ అంతే. దాటింది. దాని వెనక వచ్చిన ప్రతి ఒక్కటీ సరిగ్గా అక్కడికి వచ్చి, కాళ్ళు అంతే పైకి ఎత్తి, ఏమీ లేని చోటును దాటుకుని పోయింది. చిన్నచిన్న పిల్లలు కూడా తల్లులను చూసి ఎత్తాయి. అవతలికి పోయాక పరుగు. ఒకటే పరుగు.

షేబా అల్లాను తలుచుకుంటూ తలగుడ్డ కోసం తడుముకున్నాడు, కళ్ళు తుడుచుకోవడానికి. అది హైవే పక్క స్తంభానికి ఉంది. డాక్టరు నేల మీద కూర్చుండిపోయాడు. వాన మా దాకా వచ్చింది. వంటాయన కొత్త ప్యాంటు తడిసి కాళ్ళకు అతుక్కుంది.

చీరలు ఆ రెండు దినాలు మహాలను ఆపేవో లేదో చెప్పలేను. మహాలు అటు పోనేలేదు. కొత్త మైదానంలో పచ్చిక లేచింది, తినడం తప్ప వాటికి వేరే ధ్యాస లేదు. బయటి ఒంటె ఒకటి మాత్రం వచ్చి అక్క తోటికోడలి చీర సగం తినేసింది. జాలి లారీ వచ్చాక గుడ్డలన్నీ విప్పాం. వంటాయన చీరలు ఉతికి, మెస్సు వెనక ఆరేసి, నలిగిన చోటల్లా అరచేత్తో రుద్ది మడతపెట్టాడు. నెమలికంఠం చీర ఒక అంచున వెలిసింది. ఆమెకు ఏమని చెప్తావని అడిగితే, "ఉన్నదే చెప్త. నమ్మితె నమ్ముతది," అన్నాడు.

ఆ ఏడు ఒక్క మహా కూడా కంచె కింద చావలేదు. డాక్టరు చాలా రోజుల తర్వాత మెస్సులో మాతో కూర్చుని కడుపునిండా తిన్నాడు. కొన్నాళ్ళకు వంటాయన ఎగ్జిట్ కూడా పడింది. ఈసారి షేబా స్వయంగా వచ్చి, దీర్ఘం వినబడేలా సాగదీసి, "మతా...ర్" అని చెప్పి తీసుకుపోయాడు.

ఇల్లు చేరాక ఫోన్ చేశాడు. పక్కన మనవరాలు ఏదో విరగ్గొడుతున్న చప్పుడు. అంతా మంచిగనే జరిగిందా అన్నాను.

"జరిగింది తమ్మీ. మతార్‌ల పాసుపోట్ మీద ముద్ర గొట్టిండు. నా చేతుల వెట్టి, పో అన్నడు. నేను గాన్నే నిలవడ్డ. ఎన్కకు జూసిన, ముందలకు జూసిన. ఎవ్వలు ఆపుతలేరు. కాలు వోతలేదు."

"మరెట్ల వోయినవన్నా?"

నవ్వాడు.

"ఎత్తేసిన తమ్మీ. అత్తమ్మ లెక్క గింత మీదికెత్తి ఏసిన. ఎన్క నిలవడ్డ మలయాళాయన ఇంతెడల్పు నోరు దెరిశి జూసిండు."

నేను పడీపడీ నవ్వాను. మెస్సులో అందరికీ చెప్పాను, వాళ్ళూ నవ్వారు. ఇంత వయసొచ్చి ఇదేం చాదస్తం అన్నాను.

తర్వాత నా వంతు వచ్చింది. మతార్‌లో ముద్ర పడింది. పాస్‌పోర్టు నా చేతికిచ్చి, ఆఫీసరు నా వెనకున్న మనిషిని పిలిచాడు. వంటాయన మాట గుర్తొచ్చి, నవ్వుకుంటూ కిందికి చూసుకున్నాను. నా కాలు అప్పటికే గాల్లో ఉంది.